హాలు మూయించిన అంకుల్

అంకుల్ పోయాడని తెలిసినప్పుడు నేను లండన్ పక్క వాట్‌ఫర్డ్‌లో ఒక పాత కార్ పార్క్ అడుగు అంతస్తులో, టార్చ్ లైట్ పట్టుకుని, ఒక స్తంభం మొదట్లో తుప్పు మరక చూస్తున్నాను. ఫోన్ మోగింది. ఆఫీసు పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్. రాసింది ఆయన భార్య, మా ఆంటీ. వచ్చింది మాత్రం ఆయన నంబర్ నుంచి. చదివాను. ఫోన్ కోటు జేబులో పెట్టుకుని, మరక కొలిచి, ఫోటో తీసి, పక్క స్తంభం దగ్గరికి వెళ్ళాను. ఆ వరస అంతా అయ్యాక పైకొచ్చి, మెషీన్‌లోంచి కాఫీ తీసుకుని తాగాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కారులో కూర్చున్నాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు. మనిషన్నాక ఏదో ఒకటి అనిపించాలి కదా! తిమ్మిరెక్కిన చెయ్యిని గిల్లి చూసుకున్నట్టు ఆయన్ని ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. నేను కార్డిఫ్‌లో మాస్టర్స్ చేసి వాట్‌ఫర్డ్‌లో ఒక చిన్న స్ట్రక్చరల్ కంపెనీలో చేరినప్పుడు నా పై ఇంజనీరు. పాత కట్టడాలు చూసి, ఇవి ఉంటాయా, వీటికి ఏం చెయ్యాలి అని చెప్పడం మా పని. నాది కరీంనగర్, ఆయనది ఒంగోలు పక్క. మొదటిరోజు 'సర్' అన్నాను. "ఈ దేశంలో సర్ అంటే ఎగాదిగా చూస్తారమ్మా, పేరు పెట్టి పిలువు" అన్నాడు. మా నాన్న వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. కొన్నాళ్ళు ఏ పిలుపూ లేకుండా దగ్గుతూ నెట్టుకొచ్చి, ఒకరోజు అంకుల్ అనేశాను. ఆఫీసులో తెల్లవాళ్ళు నిజంగానే మేనమామో బాబాయో అనుకున్నారు. కాదని తెలిశాక వాళ్ళూ అంకుల్ అనడం మొదలుపెట్టారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మా డైరెక్టర్ కూడా "అంకుల్, డ్రాయింగ్స్ వచ్చాయా?" అని ఆ చివర్నుంచి అరిచేవాడు. "కరీంనగర్ నుంచి వచ్చి ఊరందర్నీ నాకు చుట్టాల్ని చేసి పెట్టావు గదమ్మా" అని ఆయన నన్ను ఆటపట్టించేవాడు.

ఎవరింటికి వెళ్ళినా ముందు పైకి చూసేవాడు. ఇంటావిడ గుమ్మంలో నమస్కారం పెడుతుంటే ఈయన చూపు సీలింగ్ మీద ఉండేది. గోడా కప్పూ కలిసే చోటు, మూలలు, దీపం చుట్టూ చూసుకున్నాకే మనిషి మొహం చూసేవాడు. "అన్నయ్యగారు భోజనానికొస్తున్నారంటే నాకు వంట బెంగ లేదు వదినా, బూజు బెంగే" అని ఒకావిడ ఆంటీతో చెప్పుకుంది. నాకు ఉద్యోగంలో నేర్పిన మొదటి సంగతి కూడా అదే. "ముందు పైకి చూడు, తర్వాత దండం పెట్టు. దండం ఎటూ పోదు." మనవాళ్ళ పార్టీల్లో అందరూ బాల్కనీలోకి ఎగబడి ఫోటోలు దిగుతుంటే, ఈయన ప్లేటు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి తినేవాడు. ఎంత పిలిచినా గడప దాటేవాడు కాదు.

'పరవాలేదు' అనే మాట ఆయన నోట నేను వినలేదు. బిల్డింగు ఓనర్లు ఆశగా మొహం పెట్టి, అయితే అంతా బాగున్నట్టేనా అని అడిగితే "ఇవాళ్టికి బాగుంది" అనేవాడు. ఇంట్లోనూ అదే వరస. ఆంటీ గుత్తివంకాయ కూర వేసి ఎట్టా ఉందండీ అంటే "ఇవాళ్టికి బాగుంది" అనేవాడు. "సరే, రేపూ ఇదే పెడతా, అప్పుడు చెబుదురుగాని" అని ఆవిడ గిన్నె లాక్కుని లోపలికి వెళ్ళిపోయేది. ఆయన మరి కాస్త వేయించుకుందామని చాచిన ప్లేటు చాచినట్టే ఉండేది.

లంచ్ బ్యాగులో పెరుగన్నం డబ్బా, మాగాయ సీసా, చిన్న సుత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉండేవి. రైల్లో మాగాయ కోసం వెతుకుతూ సుత్తి తీసి పక్కన పెట్టేవాడు. ఎదుటి సీట్లోవాళ్ళు మెల్లగా లేచి వేరే పెట్టెలోకి వెళ్ళేవాళ్ళు. "చూశావా, చోటు బాగా దొరుకుద్ది" అని కాళ్ళు చాపుకునేవాడు. ఆ సుత్తితో కాంక్రీటును తట్టి వినడం ఆయన పద్ధతి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల ఇనుము తుప్పు పట్టి పొర విడిపోయిన చోట బోలుగా మోగుతుంది. మొదట్లో నాకు తేడా తెలిసేది కాదు. "అన్నీ ఒక్క తీర్గనే వినవడుతున్నయి అంకుల్" అని ఏడుపు మొహం పెడితే, "మీ అమ్మ కొబ్బరికాయ కొనేటప్పుడు ఎట్టా కొట్టి చూస్తదో చూళ్ళేదా? చెవి పెట్టమ్మా, తొందరేముంది" అనేవాడు. రెండో శీతాకాలానికి కాని నా చెవికి అందలేదు.

ఇంకొక అలవాటు ఉండేది. తేడా ఉన్న కప్పు కింద నిలబడి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "బయటికి రండి, చెబుతా" అనేవాడు. ఎంత వానైనా సరే, బయటికొచ్చాకే నోరు విప్పేవాడు. లోపల ఉంటే ఇదుగో నిలబడే ఉంది కదా అనిపిస్తుందని, ఎదుటివాడు బతిమాలితే మన మనసు మెత్తబడుతుందని ఆయన భయం. మనసు మెత్తబడటం ఆయనకూ తెలుసన్నమాట. చాలామంది అది నమ్మరు.

నమ్మకపోవడానికి కారణం హాలు.

మా తెలుగు సంఘం ఉగాదులూ దీపావళులూ అన్నీ ఊరి చివర ఒక పాత కమ్యూనిటీ హాల్లో జరిగేవి. సంఘానికి ప్రెసిడెంట్ గారు అంకుల్‌కి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే కాలేజీ. ఈ దేశం వచ్చిన కొత్తల్లో లండన్ శివారు హేస్‌లో ఒకే గదిలో ఉన్నారు. ఒక్క మంచి కోటు కొనుక్కుని, ఇంటర్వ్యూ ఎవరికుంటే వాళ్ళు వేసుకెళ్ళేవాళ్ళు. ప్రెసిడెంట్ గారు సాఫ్ట్‌వేర్‌లో పడ్డారు, ఈయన కాంక్రీటులో. శనివారం వస్తే ఒకరింట్లో ఒకరు. మాటకు ముందు ఒరేయ్, మాటకు తర్వాత ఒరేయ్. వాళ్ళిద్దరూ పేకాటలో పోట్లాడుకోవడం వినాలని నేను పనిగట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

ప్రెసిడెంట్ గారమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు, ఆ హాల్లోనే, ఒక ఆదివారం. గుంటూరు నుంచి అమ్మమ్మ, మేనమామలు విమానం దిగారు. స్టేజీ మీద పిల్లను కూర్చోబెట్టడానికి పూల ఉయ్యాల పెట్టాలన్నారు. మనవాళ్ళ ఫంక్షన్లంటే సీలింగ్ నుంచి ఏదో ఒకటి వేలాడాల్సిందే కదా. తోరణాలు, బంతి దండలు, బెలూన్లు. ఏళ్ళ తరబడి ఎవరికి కావలసిన చోట వాళ్ళు ఆ కప్పుకు బెజ్జాలు కొట్టి హుక్కులు బిగించారు. ఓనర్లకు చెప్పిందీ లేదు, వాళ్ళు చూసిందీ లేదు. ఈసారి డెకరేషన్ చేసే ఆవిడ బుధవారం సాయంత్రం వచ్చి ఉయ్యాలకు హుక్కు బిగించబోతే నిలవలేదు. ఇంకో చోట కొట్టినా అంతే. పైగా అక్కడ తడి మరక ఉంది. ప్రెసిడెంట్ గారు అంకుల్‌కి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఒకసారి వచ్చి ఎక్కడ గట్టిగా ఉందో సుత్తితో కొట్టి చెప్పి పోరా. ఆవిడ హుక్కు పెట్టుకుంటుంది."

ఆఫీసు నుంచి ఇద్దరం వెళ్ళాం. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆయన పైకెక్కి సుత్తి తియ్యనే లేదు. హుక్కు బెజ్జం దగ్గర వేలు పెట్టి రుద్దాడు. తెల్లటి పిండి నా జుట్టు మీద రాలింది. స్క్రూడ్రైవర్ తీసి ఒత్తాడు. అది కేకులోకి దిగినట్టు దిగింది.

దాని గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు ఈ దేశంలో చవగ్గా, తేలిగ్గా ఉంటుందని గాలి బుడగలతో ఒక రకం కాంక్రీటు పలకలు చేసి స్కూళ్ళకీ హాళ్ళకీ కప్పులు వేశారు. చూడ్డానికి మామూలు కాంక్రీటే. లోపల స్పాంజి. నీళ్ళు తగిలితే పీల్చుకుంటుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. మామూలు కాంక్రీటు చాలావరకు పగుళ్ళు చూపించి, ఒంగి, ఏదో ఒక రకంగా ముందు చెబుతుంది. ఇది చెప్పకుండానే పోవచ్చు. అంకుల్ నిచ్చెన జరిపించి పలకల చివర్లు చూశాడు. ఒక్కో పలక చివర స్టీలు బీము మీద కనీసం నాలుగు వేళ్ళ మేర కూర్చుని ఉండాలి. స్టేజీ పైన కొన్ని రెండు వేళ్ళు కూడా లేవు. ఆ బీము అంచు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. ఆయన దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ప్రెసిడెంట్ గారిని చూసి "బయటికి రారా" అన్నాడు.

ప్రెసిడెంట్ గారి మొహంలో నవ్వు అక్కడే పోయింది. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసు.

కార్ల దగ్గర నిలబడ్డాం. అంకుల్ సంగతంతా చెప్పి, "రేపు పొద్దున్నే ఓనర్లకు ఫోన్ చేస్తున్నా. తాళం వేసేస్తారు" అన్నాడు.

"ఆదివారం సాయంత్రం దాకా ఆగరా" అన్నారు ప్రెసిడెంట్ గారు. "సోమవారం నేనే చేస్తా ఫోను. నీ ముందరే చేస్తా."

"కుదరదురా."

"ఉయ్యాల తీసేయిస్తా. స్టేజీ మీదికి ఎవర్నీ ఎక్కనివ్వను. కుర్చీలన్నీ ఈ చివరికి లాగిస్తా. సరేనా?"

"ఆ చివర కప్పు కూడా ఆ పలకలేరా."

"ఇన్నేళ్ళ నుంచీ పడంది, మా పిల్ల ఫంక్షన్ రోజే పడుతుందా?"

"ఆ రోజు పడదని నేను చెప్పలేను."

"పడుతుందని చెప్పగలవా?"

"అదీ చెప్పలేను."

"మరింకేందిరా నీ బాధ!" అన్నారు ప్రెసిడెంట్ గారు. "వాళ్ళమ్మమ్మ మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నుంచి వచ్చిందిరా. రోజూ అంటావుగా, ఇవాళ్టికి బాగుంది, ఇవాళ్టికి బాగుంది అని. ఆదివారానికి బాగుందని ఒక్కసారి అను. నాకోసం అనరా."

అంకుల్ కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. "నీ కూతురు కూర్చునేది దాని కిందరా" అన్నాడు చివరికి. ప్రెసిడెంట్ గారు కారు తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోయారు.

"కూలిపోతదా అంకుల్ నిజంగ?" అని అడిగాను తిరిగొస్తూ.

"తెలీదమ్మా" అన్నాడు.

గురువారం పొద్దున ఓనర్లు హాలుకు తాళం వేశారు. అంత తక్కువ వ్యవధిలో ఇంకో హాలు ఎక్కడ దొరుకుతుంది? ఫంక్షన్ ప్రెసిడెంట్ గారింటి వెనక తోటలో, గెజిబోలనే గుడ్డ పందిళ్ళు అద్దెకు తెచ్చి, వానలో చేశారు. పిల్ల పట్టు ఓణీ అంచు బురదైంది. అమ్మమ్మ గారిని వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఆవిడకు తతంగమంతా కిటికీలోంచే. పిలవకపోయినా అంకుల్, ఆంటీ వచ్చారు. ఆయన్ని చూడగానే ఎవరో "రండన్నయ్యా, గెజిబో చూసి చెప్పండి, ఉంటుందా?" అన్నారు. అందరూ పకపకా నవ్వారు. ఆయన నిజంగానే చూశాడు. ఒక మూల కాలు గాలికి లేస్తుంటే తోటలో ఇటుకలు ఏరుకొచ్చి దాని మీద పెట్టాడు. ప్రెసిడెంట్ గారు ఆ పక్కకే రాలేదు. అక్షింతలు వేసేటప్పుడు అంకుల్ వంతు రాకముందే ఫోటోగ్రాఫర్ని వేరే వైపు పిలిచారు. ఆంటీ కారులో ఏడ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. హాలు చుట్టూ ఇనపకంచె కట్టి, డబ్బుల్లేక ఓనర్లు అట్లాగే వదిలేశారు. కప్పు పడలేదు. ఉగాది వచ్చినప్పుడల్లా సంఘం గ్రూపులో ఎవరో ఒకరు దారినపోతూ తీసిన హాలు ఫోటో పెట్టేవాళ్ళు. 'ఇంకా నిలబడే ఉందండోయ్.' కింద నవ్వే బొమ్మలు వరసగా. ప్రెసిడెంట్ గారు ఎప్పుడూ పెట్టలేదు. పెట్టొద్దని కూడా ఎప్పుడూ అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఆ గ్రూపుల ఎందుకుంటున్నరు అంకుల్? బయటికి వచ్చెయ్యండి."

"పడితే ముందు వీళ్ళకే గదమ్మా తెలిసేది" అన్నాడు, పెరుగన్నం కలుపుకుంటూ. ఆయనకు కోపం రాదేమని నాకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత ఒక వేసవి చివర అదే కాంక్రీటు ఉన్న స్కూళ్ళు మూసేస్తున్నారని టీవీలో మోగిపోయింది. గ్రూపులో ఆ వార్త ఎవరూ పెట్టలేదు. ఫోటోలు మాత్రం ఆగిపోయాయి. అంకుల్‌కి సారీ చెప్పినవాళ్ళు లేరు. ప్రెసిడెంట్ గారు ఫోన్ చేస్తారేమోనని ఆ వారమంతా ఆయన ఫోను బల్లమీద స్క్రీన్ పైకి కనబడేట్టు పెట్టుకుని పనిచేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఫోన్ రాలేదు.

పోయిన చలికాలం ఆ హాలును కూల్చారు. అప్పటికి అంకుల్ మంచం మీద ఉన్నాడు. పలకలు దించే రోజు కంపెనీ తరఫున నేను సైట్లో ఉన్నాను. క్రేనుతో ఒక్కొక్కటే దించారు. ఎక్కువ పలకలు చెక్కు చెదరకుండా వచ్చాయి. స్టేజీ పైన ఒకటి, కట్లు వేసి కొంచెం లేపారో లేదో, మధ్యకు విరిగి కింద పడింది. "ఇదింతకాలం ఎలా ఆగింది!" అన్నాడు ఒక పనివాడు. పక్కవాడు ఒప్పుకోలేదు. లేపబట్టి విరిగింది గానీ కదపకపోతే ఇంకో తరం ఉండేదన్నాడు. టీ టైమ్‌లో కూడా అదే వాదన. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. నన్నడిగితే నేను భుజాలు ఎగరేశాను. కంచె అవతల ప్రెసిడెంట్ గారు నిలబడి ఉన్నారు, ఆఫీసు కోటులోనే. అక్కణ్ణుంచి ఆయనకు దుమ్ము తప్ప ఏమీ కనబడదు. నేను చెయ్యి ఊపేలోపు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అంకుల్ ఇంటికి వెళ్ళాను. బాగా నీరసించిపోయాడు. ఆంటీ దిండ్లు ఎత్తి కూర్చోబెట్టింది.

"పలకలు దించిన్రు అంకుల్. ఏమైందంటే..."

"వద్దమ్మా" అన్నాడు.

"వినండి, ఒకటి మాత్రం..."

"వద్దన్నాగా. నాకెందుకది ఇప్పుడు? తలుపు తీసుంటే చెప్పాల్సిన అవసరం ఉండేది. తాళం పడ్డాక నా పని అయిపాయ." కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. "వాడొచ్చాడా?"

"వచ్చిన్రు. కంచె బయట నిలవడ్డరు."

"బొజ్జ తగ్గిందా?"

"లేదు అంకుల్. పెరిగింది."

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. "వాడంతే. నెయ్యి మానడు." తర్వాత టీ తాగి వెళ్ళమని నన్ను కిందికి పంపించాడు. నేను ఆయనతో మాట్లాడింది అదే ఆఖరు.

అంత్యక్రియలకు నాకిచ్చిన పనులన్నీ చేశాను. పూలు ఆర్డర్ చేశాను, ఆంటీ మందులు గుర్తుపెట్టుకున్నాను, వచ్చినవాళ్ళ కార్లు ఎక్కడ పెట్టాలో చూపించాను. ఇక్కడ దహనానికి కూడా అపాయింట్‌మెంటే. మా తర్వాత ఇంకొకళ్ళు, వాళ్ళ తర్వాత ఇంకొకళ్ళు. గ్రూపులో ఫోటోలు పెట్టినవాళ్ళంతా నల్లకోట్లు వేసుకుని వచ్చి, చాలా మంచి మనిషి అన్నారు. నాకు కోపం కూడా రాలేదు. శవపేటిక తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఆంటీని చెల్లెలు పట్టుకుంది. అందరూ బయటికి వచ్చేశారు.

కార్ల దగ్గర ప్రెసిడెంట్ గారు నా కోసం ఆగి ఉన్నారు. అందరికంటే చివరి వరసలో కూర్చున్నారట, నేను చూడలేదు.

"నువ్వే కదమ్మా ఆ రోజు నిచ్చెన పట్టుకుంది? దించేటప్పుడు కూడా నువ్వే ఉన్నావంట."

"అవునండీ."

"ఒక్కటడుగుతా, నిజం చెప్పు." గొంతు తగ్గించారు. "ఆ ఆదివారం పడేదా?"

మధ్యకు విరిగిన పలక గుర్తొచ్చింది. చెక్కు చెదరకుండా దిగినవి గుర్తొచ్చాయి. టీ కప్పులు పట్టుకుని వాదించుకున్న ఇద్దరు పనివాళ్ళు గుర్తొచ్చారు. ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను.

"అంటే పడేదా, పడేది కాదా?"

"తెల్వదండీ. ఎవరికీ తెల్వదు."

"నువ్వు ఇంజనీరువి కదమ్మా!"

"అంకుల్‌కి కూడ తెల్వదండీ. అప్పుడే నేను అడిగితే తెలీదన్నరు."

"ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నారు. "పడేదని చెప్పు, ఇక్కడే కూలబడి ఏడుస్తా. పడేది కాదని చెప్పు, కారెక్కి ఇంటికి పోతా. రెంటిలో ఏదో ఒకటి చెప్పు."

నేను చెప్పలేకపోయాను.

తర్వాతి వాళ్ళ శవపేటిక కారు గేట్లోకి వచ్చింది. దారి ఇవ్వమని, కార్లు తియ్యమని అక్కడి మనిషి మర్యాదగా వచ్చి అడిగాడు. అందరూ తీశారు. ప్రెసిడెంట్ గారు ఏడవనూ లేదు, కారెక్కనూ లేదు. తాళంచెవి చేతిలో పట్టుకుని, ఆ మనిషి రెండోసారి వచ్చి అడుగుతున్నా, నా ఎదుటే నిలబడి ఉన్నారు.